రాసేవాళ్లకు తోడు: తెనాలి, బాపట్ల, రేపల్లె చరిత్రలో మన చోటు

తెలుగు సాహిత్య చరిత్రలో తెనాలి పేరు తరచుగా వస్తుంది. కవులు, కథకులు, పత్రికలు, నాటకాలు అంటూ ఆ ఊరి గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది. బాపట్ల పేరు ఆంధ్రోద్యమ చరిత్రలో వస్తుంది. రేపల్లె పేరు చారిత్రక నవలల ముచ్చట వచ్చినప్పుడు వస్తుంది. ఈ ఊళ్లకు దగ్గర్లోనే, బాపట్లకూ చీరాలకూ నడుమ రైలు పట్టాల పక్కన ఉన్న స్టూవర్టుపురం పేరు మాత్రం పోలీసు కథల్లోనే ఎక్కువగా వస్తుంది.

మేం ఎరుకల వాళ్లం. ఈ ప్రాంతపు బడుల్లో పాఠాలు చెప్పుకొంటున్న వాళ్లం. ఒకే రైలు దారి మీద ఉన్న ఊళ్లలో ఒకచోట నుంచి అంతమంది రచయితలు వచ్చారు, మా పేటల నుంచి ఎందుకు రాలేదు? ఇది మాకు మేం వేసుకోవాల్సిన ప్రశ్న. మా వాళ్లకు మాట రాదని ఎవరూ అనలేరు. ఎరుక చెప్పే మా అమ్మమ్మలు గుమ్మం ముందు కూర్చుని, బుట్ట దించి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ గంటసేపు ఆపకుండా కథ నడిపేవాళ్లు. పాత యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర ఊరికే వచ్చి చేరలేదు. ఆమె మాట తీరు చూసే కవులు ఆ పాత్ర కట్టారు. మాట ఉంది, కథ ఉంది. లేనిది ఇంకొకటి. ఆ లేనిదేమిటో తెనాలి చరిత్ర చదివితే తెలుస్తుంది.

భట్టిప్రోలు పెట్టెల మీద పేర్లు

తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. లోపల ధాతువులు దాచిన రాతి పెట్టెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మి లిపిలో రాతలున్నాయి. దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో వాటిని లెక్కిస్తారు. ఆ లిపి తీరు గురించి పండితులు చాలా రాశారు. బడి పాఠాల్లో కూడా దాని ప్రస్తావన వస్తుంది.

మాకు ఆసక్తి కలిగించింది వేరే విషయం. ఆ పెట్టెల మీద కుబేరకుడనే రాజు పేరుతో పాటు చాలామంది మామూలు మనుషుల పేర్లు వరసగా ఉన్నాయి. వాళ్లు ఒక గోష్ఠిగా, ఒక నిగమంగా కూడి, అందరూ కలిసి ఆ పెట్టెలు చేయించారు. మన నేల మీది తొలి రాతల్లో ఒకటి నలుగురు కలిసి చేసిన పనికి గుర్తుగా మిగిలింది. గోష్ఠి అనే మాట ఇప్పటికీ సాహిత్య సభల ఆహ్వాన పత్రాల మీద కనిపిస్తుంది. రాత అనేది ఒంటరి మనిషి గదిలో కూర్చుని చేసే పని అనుకుంటాం గానీ, అది నిలవాలంటే గోష్ఠి కావాలి.

1913: ఒకే తాలూకాలో రెండు పనులు

1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షుడు. మద్రాసు రాజధానిలో తెలుగువాళ్లకు తగిన చోటు లేదని, తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం ఉండాలని అక్కడ చర్చ నడిచింది. నలభై ఏళ్ల తర్వాత, 1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి విత్తనం పడింది బాపట్లలోనే అని చెప్పుకుంటాం. అది నిజం.

ఆ 1913లోనే బాపట్లకు కొద్ది దూరంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఆ చట్టం కింద మా ఎరుకల కుటుంబాలను చాలాచోట్ల నుంచి తెచ్చి ఇక్కడ దింపారు.

అంతకు ముందు మా పెద్దలు ఏం చేసేవాళ్లు? సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద మోసి అమ్ముకునేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, పందులు మేపేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. తిరగడమే వాళ్ల వృత్తి. ఉప్పు మీద సర్కారు పెత్తనం, పన్ను వచ్చాయి. రైలు వచ్చింది. బస్తాలు రైలెక్కాయి, మా గాడిదల వెనక నడిచేవాళ్లకు పని పోయింది. ఈ సంగతి మీనా రాధాకృష్ణ తన పరిశోధన గ్రంథంలో వివరంగా రాశారు. సెటిల్‌మెంటులోని మనుషులను చీరాల పొగాకు కంపెనీకి కూలికి ఎలా పంపారో కూడా అందులో ఉంది. పని పోగొట్టినవాళ్లే పని లేనివాళ్లని ముద్ర వేశారు. ఆ ముద్రను పుట్టుకకు అంటగట్టారు.

చట్టం ఏం చేసిందో మా పిల్లలకు చెప్పేటప్పుడు మూడు మాటల్లో చెబుతాం: వేలిముద్ర, హాజరు, పాసు. పెద్దవాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు. వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. అంటే మా వాళ్ల వేలికి సిరా అంటింది గానీ, అది కలం పట్టి కాదు. మా పేర్లు మొదట వరసగా ఎక్కిన పుస్తకం పోలీసు రిజిస్టరు.

బాపట్లలో తెలుగువాళ్లు తమ భాష గురించి, తమ గౌరవం గురించి సభ చేసుకున్న ఏడే, ఆ పక్కనే కొందరిని సభకు వెళ్లాలన్నా పాసు అడగాల్సిన స్థితిలో పెట్టారు. ఆ సభలో కూర్చున్నవాళ్లను తప్పు పట్టాలని ఈ మాట చెప్పడం లేదు. రెండు సంగతులూ ఒకే పేజీ మీద రాసుకోకపోతే చరిత్ర సగమే తెలుస్తుందని చెబుతున్నాం.

సాహితీ సమితి: చదివి వినిపించే అలవాటు

1920కి అటూ ఇటూగా తెనాలిలో తల్లావజ్ఝల శివశంకర శాస్త్రి పెద్దరికంలో సాహితీ సమితి ఏర్పడింది. ఆయనను సభాపతి అని పిలుచుకునేవాళ్లు. కృష్ణశాస్త్రి, విశ్వనాథ, నండూరి సుబ్బారావు, చింతా దీక్షితులు, నోరి నరసింహ శాస్త్రి, మునిమాణిక్యం నరసింహారావు, ఇలా తర్వాత పేరు తెచ్చుకున్న ఎందరో ఆ నీడలో కలుసుకున్నారు. 'సాహితి' అనే పత్రిక నడిపారు. నోరి నరసింహ శాస్త్రి రేపల్లెలో ప్లీడరీ చేసుకుంటూ నారాయణభట్టు, రుద్రమదేవి లాంటి చారిత్రక నవలలు రాశారు. మునిమాణిక్యం తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టి, బడిపంతులుగా బతికి, కాంతం కథలు రాశారు. ప్లీడరు, పంతులు, ఉద్యోగస్థుడు, అందరికీ పగలు వేరే పని ఉండేది. రాత మిగిలిన వేళల్లో సాగేది.

ఆ కాలంలో కొత్తగా రాసేవాడికి ఎదురుదెబ్బలు తక్కువేమీ కాదు. భావకవిత్వాన్ని వెక్కిరించేవాళ్లు. వాడుక భాషలో రాస్తే గ్రామ్యమని కొట్టిపారేసేవాళ్లు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతున్న రోజులవి. ఆ గిడుగే సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నాడని మనం మరిచిపోకూడదు. పండితుల వెక్కిరింపు మధ్య కొత్త కవి కలం పారేయకుండా ఉండాలంటే, వెక్కిరించని నలుగురైనా కావాలి. సాహితీ సమితి ఇచ్చింది ఆ నలుగురిని. రాసింది ముందు తమవాళ్లకు చదివి వినిపించడం, బాగుంటే బాగుందని, కుంటితే ఎక్కడ కుంటిందో చెప్పడం, ఫలానా పద్యం ఫలానా పత్రికకు పంపమని చెప్పడం, అచ్చయితే అందరి ఇంట్లో శుభకార్యంలా సంతోషించడం. రచయితల బృందం ఏదైనా ఇలాంటి చిన్న చిన్న పనుల మీదే నిలబడుతుంది.

ఆ బృందంలో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఒకే సామాజిక వర్గం వాళ్లు. బడి, సంస్కృతం, ఇంగ్లీషు చదువు, సాయంత్రం తీరిక ఉన్నవాళ్లు. సభలూ సమావేశాలూ సాయంత్రం పూట జరుగుతాయి. ఆ సాయంత్రాలు మా వాళ్లు హాజరు పలికే వరసలో నిలబడేవాళ్లు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైంది. తెలుగు పాత పత్రికలు వెతికే పరిశోధకులు ఇప్పటికీ అక్కడికే వస్తారు. స్టూవర్టుపురం నుంచి రైలెక్కితే చీరాల దాటగానే వేటపాలెం. పాసు మీద బతికే మనిషికి ఆ కొద్ది దూరం ఎంత దూరమో ఊహించుకోవచ్చు.

ఒక మాట మాత్రం గౌరవంగా చెప్పుకోవాలి. ఆ సమితి మనిషే అయిన చింతా దీక్షితులు 'చెంచి', 'సుగాలీ కుటుంబం' లాంటి కథలు రాశారు. తెలుగు కథ బాల్యంలో ఉన్నప్పుడే మన తెగల మనుషులను కథలోకి తెచ్చినవాళ్లలో ఆయన ఒకరు. విద్యాశాఖలో పనిచేస్తూ ఊళ్లు తిరిగిన మనిషి కనుక చూశారు, చూసింది రాశారు. అయితే అవి మన మీద రాసిన కథలు. మన కథ మనం రాయడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

హోటలు కుర్రవాడు రచయిత అయిన ఊరు

1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సభ జరిగింది. తెలుగునాట అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943 ఫిబ్రవరిలో తెనాలిలోనే తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది. ఇరవై ఏళ్ల కిందట భావకవులు కూడిన ఊళ్లోనే ఇప్పుడు కూలీ గురించి, రైతు గురించి రాయాలనే వాళ్లు కూడారు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం ఆ ఊళ్లోనే ఉంది. కొడవటిగంటి కుటుంబరావు ఆ ఊళ్లోనే పుట్టారు. ఐతానగర్ మనిషి చక్రపాణి బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగు చేశారు, 'యువ' పత్రికను తెనాలిలో మొదలుపెట్టారు. ఆ తర్వాత 1947లో మద్రాసు నుంచి చందమామ వచ్చింది. ఒకరు పత్రిక పెడితే ఇంకొకరు అందులో రాయడం, ఒకరు మద్రాసు వెళ్తే ఇంకొకరిని పిలవడం ఆ ఊరి వాళ్లకు అలవాటైంది.

ఆ తెనాలికి తమిళ దేశం నుంచి పన్నెండేళ్ల వయసులో తండ్రి వెంట వచ్చిన పిల్లవాడు ఎస్. నటరాజన్. ఇంట్లో తమిళం. తండ్రి పోయాడు. హోటల్లో పనికి కుదిరాడు. బల్లలు తుడిచాడు, టిఫిన్లు అందించాడు. తెలుగు చదవడం, రాయడం తనంతట తాను నేర్చుకున్నాడు. మూర్ఛ జబ్బు వెంటాడింది. పని ఉన్నరోజు తిండి, లేనిరోజు పస్తు. ఆ మనిషే 'శారద' అనే పేరుతో కథలు, నవలలు రాశాడు. మంచీ చెడూ, ఏది సత్యం, అపస్వరాలు ఆయన నవలలు. 1955 ఆగస్టులో చనిపోయేనాటికి ముప్పై ఒక్క ఏళ్ల లోపే.

శారద గురించి మాట్లాడేవాళ్లు ఆయన పేదరికం దగ్గర ఆగిపోతారు. ఆ మనిషి చేతిరాత ప్రతి హోటలు వంటింట్లోంచి పత్రికాఫీసు దాకా ఎలా వెళ్లిందో ఆలోచిద్దాం. తెనాలి హోటళ్లలో కాఫీ తాగడానికి వచ్చేవాళ్లలో రచయితలుండేవాళ్లు. సాహిత్యం మాట్లాడుకునే బల్లలుండేవి. సర్వర్ కుర్రవాడు ఆ మాటలు విన్నాడు. పుస్తకం అడిగితే ఇచ్చినవాళ్లున్నారు. స్నేహితులు దొరికారు. రాసింది చదివారు, పంపమన్నారు, పత్రికలు వేసుకున్నాయి. ఆయన పోయిన తర్వాత కూడా మిత్రులు, అభిమానులు ఆ రచనలను పోగుచేసి మళ్లీ అచ్చు వేయించారు. పాతబడిన పత్రికల్లో కప్పడిపోయి ఉండాల్సిన మనిషి ఇవాళ మన చేతికి అందుతున్నాడంటే అది ఆ తోడు చేసిన పని. ఆ తోడు ఆయన ఆకలి తీర్చలేకపోయింది, జబ్బు మాన్పలేకపోయింది. అది కూడా చెప్పుకోవాలి. ప్రోత్సాహం కూడు పెట్టదు. కానీ ప్రోత్సాహం కూడా లేకపోయి ఉంటే శారద అనే పేరే మనకు మిగిలేది కాదు.

శారద మాకు ఇంకో కారణం చేత దగ్గరివాడు. మా ఎరుకల భాష తమిళానికి దగ్గరి భాష. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట. తెలుగు మాకు కూడా నేర్చుకున్న భాషే. ఇంట్లో తెలుగు లేని పిల్లవాడు తెలుగులో గొప్ప నవల రాయగలడని శారద చూపించాడు. మా తరగతి గదుల్లో మా పిల్లల తెలుగు వినగానే నవ్వేవాళ్లున్నారు. వాళ్లకు, ఆ పిల్లలకు కూడా మేం శారద కథ చెబుతాం.

చట్టం పోయాక

మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టాన్ని 1947లో తీసేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ చట్టం పోవాలని పాటుపడ్డవాళ్లలో నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యుడు. యానాదుల మధ్య జీవితమంతా పనిచేసి, వాళ్ల మీద పెద్ద పుస్తకం రాశారు. రేపల్లె, నిజాంపట్నం వైపు కాలవ గట్ల మీద, చెరువుల పక్కన బతికే మన యానాది అన్నదమ్ములు ఆయన పేరు తెలుసుకోవాలి.

1970ల్లో స్టూవర్టుపురంలో హేమలతా లవణం, లవణం దంపతులు పనిచేశారు. హేమలత కవి గుర్రం జాషువా కూతురు. తానూ రచయిత్రే. 'నేరస్థుల సంస్కరణ' అనే పుస్తకం రాశారు. ఊరికి బయట ఉంచిన మనిషి బాధను పద్యం చేసిన కవి కూతురు, పేరు వింటేనే జనం భయపడే ఊళ్లోకి నడిచి వచ్చి మా ఆడవాళ్ల మధ్య కూర్చోవడం చిన్న సంగతి కాదు.

చట్టం పోయింది గానీ రాత పోలేదు. స్టూవర్టుపురం పేరు నవల అయింది, 1991లో సినిమా అయింది. 2023లో మరో సినిమా వచ్చింది. కథ ఎప్పుడూ దొంగ చుట్టూ, పోలీసు చుట్టూ తిరుగుతుంది. ఆ ఊళ్లో బడికి పోయే పిల్ల, పొగాకు బేరన్లలో నడుం వంచిన తల్లి, ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ చిరునామా రాయడానికి వెనకాడే యువకుడు ఎవరికీ కథ కాలేదు. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలు, యానాదులు కలిపి పది లక్షలు దాటారు. అంతమంది జీవితం ఒకే రకం కథగా బయటికి తెలిసింది.

మా బృందంలో ఒక చెల్లెలు తన నాయనమ్మ బుట్టల అల్లిక మీద మంచి కథ రాసింది. ఒక పత్రికకు పంపితే తిప్పి పంపారు. మీ వాళ్ల అసలు జీవితం ఇందులో లేదు, ఆ సాహసాలు రాయండి అని ఒక ముక్క కూడా రాశారు. ఆ సాహసాలంటే ఏమిటో మాకు అర్థమైంది. ఆ చెల్లెలు ఆరు నెలలు కాగితం ముట్టలేదు. తర్వాత మా సమావేశంలో ఒక పెద్దాయన ఆ కథ చదివించుకుని, ఈత బద్ద చీల్చేటప్పుడు కత్తి ఏ వైపు పట్టాలో నువ్వు సరిగ్గా రాశావమ్మా, అది రాసినవాళ్లను నేనింతవరకు చూడలేదు అన్నాడు. ఆ ఒక్క మాట ఆ అమ్మాయిని మళ్లీ కూర్చోబెట్టింది. కథ తర్వాత వేరే చోట అచ్చయింది. సంపాదకుడికి తెలియని సంగతి మా పెద్దాయనకు తెలుసు. మన రాతను తూచే తరాజు మన దగ్గర కూడా ఉండాలి అనేది ఇందుకే.

ఇప్పుడు రోజులు మారుతున్నాయి. సంచార, గిరిజన తెగల కథలతో 'ఇప్పపూలు' సంకలనం వచ్చింది. ఉత్తరాంధ్ర కొండల నుంచి మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు వచ్చాయి. పలమనేరు బాలాజీ 'ఏకలవ్య కాలనీ' పేరుతో ఎరుకల కథలను పుస్తకం చేశారు. ఈ పుస్తకాలు మా పిల్లల చేతికి ఇచ్చినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. మన మాట అచ్చులో ఉందా సార్ అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్న తర్వాత ఏ పంతులూ ఊరుకోలేడు.

తోడు అంటే ఏమేం పనులు

పాత బృందాల చరిత్ర నుంచి మేం నేర్చుకుని ఆచరిస్తున్నవి కొన్ని చెబుతాం. ఇవి పెద్ద సంగతులు కావు. డబ్బు కూడా పెద్దగా అక్కరలేదు.

మొదటిది, వినడం. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లోనో, సెలవు రోజు బడి వరండాలోనో కూర్చుంటాం. రాసింది పైకి చదవాలి. మనది నోటి సంప్రదాయం కనుక చెవి మనకు కంటికంటే బాగా పనిచేస్తుంది. వాక్యం ఎక్కడ అడ్డం తిరిగిందో చదివేవాడి నాలుకే చెబుతుంది. వచ్చినవాళ్లలో రాయనివాళ్లు, చదువు రాని పెద్దవాళ్లు కూడా ఉండేలా చూస్తాం. వాళ్లే గట్టి విమర్శకులు.

రెండోది, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అందరికీ చెప్పడం. ఒకరు కథ మొదలుపెట్టారు, ఒకరు సగంలో ఆగారు, ఒకరు శుద్ధప్రతి రాశారు, ఒకరు పత్రికకు పంపారు, ఒకరికి తిరిగి వచ్చింది. ఇవన్నీ దాచుకోకుండా చెప్పుకుంటాం. తిరిగి వచ్చిన కథ గురించి చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేవాళ్లు. ఇప్పుడు అది మామూలు ముచ్చట. పంటకు తెగులు పట్టిందని రైతు పక్క రైతుకు చెప్పుకోడా? ఇదీ అంతే. సగంలో ఆగినవాళ్లను వచ్చే నెల ఇంకో రెండు పేజీలు తెమ్మని అడిగేవాళ్లుంటే చాలు, చాలా కథలు పూర్తవుతాయి.

మూడోది, దారి చెప్పడం. ఏ పత్రిక ఎంత పొడుగు కథ వేసుకుంటుంది, ఎలా పంపాలి, జవాబుకు ఎన్నాళ్లు ఆగాలి, ఒకేసారి ఇద్దరికి పంపకూడదు అనే సంగతులు తాతల నాటి నుంచి రాసే ఇళ్లలో పిల్లలకు ఊరికే తెలుస్తాయి. మా ఇళ్లలో తెలియవు. ముందు నడిచినవాళ్లు వెనకవాళ్లకు చెప్పాల్సిందే. పుస్తకం వేయాలంటే పదహారు పేజీలు ఒక ఫారం అని, పేజీల సంఖ్య ఫారాలకు సరిపోకపోతే కాగితం దండగ అవుతుందని, కంపోజు అయ్యాక ప్రూఫులు కనీసం రెండుసార్లు వేర్వేరు మనుషులు చూడాలని, వెయ్యి కాపీలు వేసి అటక మీద పెట్టడం కంటే అమ్ముకోగలిగినన్నే వేసుకోవడం మేలని అనుభవం ఉన్నవాళ్లు చెప్పాలి.

నాలుగోది, మాటను కాపాడటం. మా భాష మాట అచ్చులో వచ్చినప్పుడు దిద్దేవాళ్లు దాన్ని తప్పనుకుని తెలుగు మాటగా మార్చేస్తారు. ప్రూఫు దగ్గర మన మనిషి ఒకరు కూర్చుంటే ఆ మాట బతుకుతుంది. ఎరుకల మాటలు, యానాది పలుకుబడులు, సుగాలీ పాటల మాటలు పెద్దవాళ్లతో పాటు పోతున్నాయి. కథలో నిలిచిన మాటకు ఇంకొంత ఆయుష్షు ఉంటుంది.

ఐదోది, పోయినవాళ్లను మరవకపోవడం. శారద రచనలను వెతికి అచ్చు వేసినట్టే, మన పేటల్లో ఎవరైనా నోట్‌బుక్కుల్లో పాటలు, డైరీలు రాసి పోయి ఉంటే వాటిని చిత్తు కాగితాలవాడికి పోనివ్వకూడదు. ఆ ఇంటికి వెళ్లి అడగాలి. ఫొటో తీసుకోవాలి. ఒక నకలు ఊరి బడిలో ఉంచాలి.

ఇక ఒక జాగ్రత్త. తోడు పేరుతో పొగడ్త ఒక్కటే పంచుకుంటే రాత ఎదగదు. సాహితీ సమితి కవుల్లోనూ, అభ్యుదయ రచయితల్లోనూ గట్టి వాదాలు నడిచాయి. ఒకరినొకరు ఒప్పుకోనివాళ్లు కూడా ఒకే ఊళ్లో ఉంటూ రాశారు. మన సమావేశంలో కూడా బాగా లేనిది బాగా లేదని చెప్పాలి. మనిషిని తక్కువ చేయకుండా వాక్యాన్ని తప్పు పట్టడం నేర్చుకోవాలి. ఇది పంతుళ్లకు రోజూ అలవాటైన పనే. పిల్లవాడి నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసిన తర్వాత, కింద ఒక మంచి మాట కూడా రాస్తాం కదా.

ఇంకొకటి. మన బృందంలోకి మనవాళ్లే రావాలని తలుపు మూసుకోకూడదు. నటరాజన్‌ను నీది ఏ ఊరు, ఏ భాష అని అడిగి తెనాలి తలుపు మూసి ఉంటే తెలుగుకు శారద దొరికేవాడు కాదు. అయితే మన గురించి ఏది రాయాలో, ఏది అసలు జీవితమో నిర్ణయించే కుర్చీ మాత్రం మనదై ఉండాలి.

ఒకప్పుడు మా పేర్లు వరసగా పిలిచింది లెక్క తప్పకుండా చూడటానికి. ఇప్పుడు మా సమావేశంలో కూడా పేర్లు పిలుస్తాం. ఈ నెల ఎవరు ఏం రాశారు అని అడగడానికి పిలుస్తాం. ఈ సంచికలో రాసినవాళ్లు తర్వాతి సంచికకు ఒక్కొక్కరు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకు రావాలని మా కోరిక. బుట్ట అల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండేవాళ్లు, ఇంటర్ చదివే పిల్లలు, ఎవరైనా సరే. రాయడం రాకపోతే చెప్పనివ్వండి, మీరు రాసుకోండి. కింద పేరు మాత్రం వాళ్లదే వేయండి.